ధాత కరువు, దాత ధర్మము

మా గుడుపల్లె ప్రాంతపు వృద్ధులు గడచిన కాలమును కరువులతో లెక్కింతురు. ఒకడు ఫలాని కరువునకు ముందు పుట్టినవాడు. ఇంకొకడు ఫలాని కరువునాడు ఊరు విడిచి కోలారు బంగారు గనులకు పోయినవాడు. ఆ కరువులన్నిటిలోను పెద్దది ధాత కరువు. 1876లో, ధాత నామ సంవత్సరమున, నైరృతి వాన తప్పెను; దాని వెనుక ఈశాన్యపు వానయు తప్పెను. నేటి కుప్పము, గుడుపల్లె ప్రాంతములు అప్పుడు ఉత్తరార్కాటు జిల్లాలోనివి. మదనపల్లె కడప జిల్లాలోనిది. మన చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు. ఆ జిల్లాలును, బళ్ళారి, కర్నూలు సీమలును, పొరుగున మైసూరు దేశమును రెండేండ్లు అలమటించెను. బ్రిటిషు ఏలుబడిలోని భాగములందే 50 లక్షలకు మించి జనము మరణించిరని తరువాత వచ్చిన విచారణ సంఘము లెక్క కట్టినది.

నేను ముప్పదియేండ్లు బడిలో తెలుగు చెప్పితిని. పిల్లలు 'ధాత కరువు' అని వ్రాయవలసిన చోట ఒత్తు విడిచి 'దాత కరువు' అని వ్రాయుచుండెడివారు. అక్షరమును దిద్దుట నా విధి గనుక దిద్దుచుంటిని. ఉద్యోగము ముగిసిన పిమ్మట ఆ కరువు చరిత్ర తీరికగా చదివితిని. ఆ పిల్లల వ్రాతలో అక్షరము తప్పినను అర్థము తప్పలేదని నాకు తోచినది. ఆనాడు దేశమున ధాన్యము బొత్తిగా లేకపోలేదు. ఇచ్చువాడు సరిగా ఇయ్యలేదు.

మా ఊరి మీదుగా పోవు రైలు మార్గము 1864లోనే బెంగుళూరు చేరెను. కరువు నాటికి దాని వయస్సు పండ్రెండేండ్లు. మదరాసు రేవున దిగిన ధాన్యము ఆ దారినే మైసూరు దేశమునకు ఎక్కిపోయెను. ధాన్యమును కొండ లెక్కించుటకు ఆవిరియంత్రము కలదు గాని, దానిని కూలివాని కుండలోనికి దింపుటకు వాని చేత కాసు లేదు. వాన లేదు గనుక సేద్యము లేదు. సేద్యము లేదు గనుక కూలి లేదు. కూలి లేనివానికి అంగడిలోని ధాన్యము ఆకాశములోని చుక్కలతో సమానము. ఈ సంగతినే అమర్త్య సేన్ 1981లో తన గ్రంథమున శాస్త్రముగా నిరూపించెను. మన అవ్వలు దానిని అనుభవముగా ఎరుగుదురు.

అట్టి సీమలోని మనము నేడు ఇచ్చువారి పంక్తిలో కూర్చున్నాము. ఇది చదువరులు గమనింపవలసిన మార్పు. 2022లో మన ప్రభుత్వము ఆఫ్ఘనిస్తానమునకు 50 వేల టన్నుల గోధుమలు ఇయ్య పూనుకొనెను. అదే యేట దివాలా తీసిన శ్రీలంకకు అప్పుల రూపమునను, మందులు, ఇంధనము, ధాన్యముల రూపమునను సుమారు 400 కోట్ల డాలర్ల సాయము చేసెను. 2023 ఫిబ్రవరిలో తుర్కీ భూకంపమునకు, 2025 మార్చిలో బర్మా భూకంపమునకు మన దళములు మందులతో పోయినవి. 2004లో సునామీ వచ్చినప్పుడు విదేశ ప్రభుత్వముల సాయము మాకు అక్కరలేదని చెప్పిన ప్రభుత్వము మనది. పుచ్చుకొను చేయి ఇచ్చు చేయి అయినది.

ఈ వార్తలు మా యింట చర్చకు వచ్చినవి. కుప్పములో చదువుకొనుచున్న నా మనుమరాలు, "తాతా, మన ఊళ్ళో బోర్లు ఎండిపోయినప్పుడు మనకెవురిచ్చినారు? మన పన్నులు తీసి పరదేశానికి గోధుమలు పంపేది దేనికి?" అని అడిగెను. వంటయింటిలోనుండి మా కోడలు, "పంపేది తప్పని నేననను మామా. పంపింది వాళ్ల పొయ్యి దాకా పోతుందా అని అడగతా ఉండా" అనెను.

మనుమరాలి ప్రశ్నకు ప్రత్యుత్తరము సులభము. పొరుగింట పొయ్యి వెలుగనినాడు తన యింట పాయసము వండుకొను గృహస్థును మన పెద్దలు గృహస్థు అనలేదు. దేశములకును ఈ నీతి చెల్లును. కోడలి ప్రశ్న కఠినమైనది. ఇచ్చినది పొయ్యి వరకు పోవలెనన్న ఇచ్చు ప్రభుత్వము ఏమి చేయవలెను? ఆ ప్రశ్నకు సమాధానము ధాత కరువులోనే కలదని నా నమ్మకము.

సర్ రిచర్డు టెంపిల్ అను అధికారి కథ దానికి మొదటి పాఠము. 1873-74లో బీహారున పంట పోయినప్పుడు ఆయన బర్మానుండి లక్షల టన్నుల బియ్యము తెప్పించి ధారాళముగా పంచిపెట్టెను. ఆ కరువున చనిపోయినవారు బహు తక్కువ. ఇందుకు ఆయనకు లభించిన బహుమానము నింద. ఖర్చు మితిమీరినదని కలకత్తాలోను లండనులోను ఆయనను దూషించిరి. 1877లో ఆయననే కరువు పరీక్షకై మదరాసు రాజధానికి పంపిరి. ఈసారి ఆయన పొదుపరి అయ్యెను. కరువు పనులలో రాళ్లు కొట్టు పురుషునికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యము కొను పైకమును, దానిపై కొలది చిల్లరయు చాలునని నిర్ణయించెను. మదరాసు ఆరోగ్యశాఖాధికారియైన డాక్టరు కార్నిష్, ఈ తిండితో కష్టపడు దేహము నిలువదని ఎదిరించి వాదించెను. కొన్ని నెలలకు మదరాసు ప్రభుత్వము కూలి పెంచెను. ఆ కొన్ని నెలలలో పోయిన ప్రాణములను పెంచిన కూలి తిరిగి తేలేదు.

టెంపిల్ క్రూరుడని చెప్పి ఊరకుండుట సులభము. బీహారున ప్రాణములు నిలిపినవాడు ఆయనయే అని మరువరాదు. ఆయన పనికి మార్కులు వేసినవారు ఎవరన్నది అసలు విషయము. వేసినవారు పన్నులు కట్టువారును, ఖజానా కాచువారును. అన్నము తిన్నవారిని, తినక చచ్చినవారి బంధువులను, ఎవరును అడుగలేదు. ఏ దాత ప్రభుత్వమైనను తన సేవకులను ఖర్చు తగ్గించినందుకే మెచ్చుకొనుచున్నచో, వారు తగ్గించుటనే నేర్తురు. నిలిచిన ప్రాణములను లెక్కించుట ఖజానాకు చేతగాదు. దానికి వేరు కన్నులు కావలెను.

రెండవ పాఠము దానము చేరు దారిని గూర్చినది. 1877లో మదరాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు ఇంగ్లండు ప్రజలను సాయమడుగగా, రాజప్రతినిధి లిట్టన్ అది తనకు తెలియక జరిగినదని కోపించెను. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్న సామెత అప్పుడు రాజనీతి అయ్యెను. అయినను ఆ విన్నపము లండను నగరాధ్యక్షుని నిధిగా మారి లక్షల పౌండ్లు కూడెను. మదరాసున విలియం డిగ్బీ కార్యదర్శిగా ఉన్న సంఘము ఆ ధనమును జిల్లాలలోని స్థానిక సంఘములకు అందించెను. అందులో చాల భాగము విత్తనములకును, ఎద్దులకును, కూలిన యిండ్ల కప్పులకును పోయెను. కరువు పనిలో రాళ్లు కొట్టినవాడు ఆ పూటకు బ్రతికెను. విత్తనమును ఎద్దును పొందినవాడు తన చేనికి తిరిగి పోయెను. ఆ చేయి ఎవరి దుక్కిటెద్దు చచ్చినదో ఎరిగిన చేయి గనుక అది సాధ్యమయ్యెను.

ఈ సత్యము పెద్ద ప్రభుత్వములకు తెలియనిది కాదు. 2016లో ఇస్తాంబులు నగరమున దాత ప్రభుత్వములును, పెద్ద సేవాసంస్థలును కూడి 'గ్రాండ్ బార్గెన్' అను ఒడంబడిక చేసికొనెను. ఆపద్ధనములో నాలుగవ వంతు సాధ్యమైనంత నేరుగా ఆయా దేశములలోని స్థానిక సంస్థలకు 2020 నాటికి అందింతుమని అందులో వ్రాసిరి. గడువు దాటినది, ఆ నాలుగవ వంతు అందలేదు. ధనము ఒక పెద్ద సంస్థనుండి ఇంకొక సంస్థకు, దానినుండి మరియొక దానికి దిగుచు, మెట్టుమెట్టునకు కొంత విడిచిపెట్టుచు పోవుచున్నది. మా చెరువు కాలువలో నీరు చివరి మడికి చేరునప్పటికి ఎంత మిగులునో ఎరిగిన రైతునకు ఈ లెక్క వేరుగ చెప్పనక్కరలేదు.

"స్థానికుల చేతికిచ్చిన వారే తినివేయుదురు గదా" అని మా పొరుగు రైతు ఒకడు నాతో వాదించెను. "అయ్యవారూ, మన పనుల మస్టరులో చచ్చినోళ్ల పేర్లు గూడా ఉండలేదా?" అని అడిగెను. అతని మాట కొట్టివేయదగినది కాదు. అయితే దానికి విరుగుడు కూడ మన సీమయే కనుగొన్నది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన గ్రామీణ ఉపాధి హామీ పథకము దేశమున మొట్టమొదట అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఆరంభమైనది. పిదప ఆంధ్రదేశమున సామాజిక తనిఖీ అను పద్ధతిని ప్రభుత్వమే నెలకొల్పినది. ఇంటింటికి పోయి కూలి అందినదా యని అడిగి, మస్టరు చిట్టాను గ్రామసభలో బిగ్గరగా చదివెడివారు. పేరు వినబడినవాడు లేచి, "ఆ దినము నేను పనికి పోలేదు" అనియో, "నాకు రెండు వారముల కూలి రాలేదు" అనియో చెప్పెడివాడు. దొంగతనము పూర్తిగ అణగిపోయినదని నేననను. దొంగకు చీకటి తగ్గినది. దాత ప్రభుత్వము తన లెక్కను తన ఆడిటరునకు మాత్రమే చూపక పుచ్చుకొన్నవాని ఎదుట చదివింపవలెను. విదేశమున ఇచ్చు ధర్మమునకును ఈ విధి తప్పరాదు.

మూడవ పాఠము కాలమును గూర్చినది. నా మనస్సున ఇదియే ముఖ్యము. ధాత కరువు పిమ్మట 1880లో విచారణ సంఘము వ్రాసిన నివేదిక వలన కరువు నిబంధనలు పుట్టినవి. వాన ఇంత తప్పినచో, ధర ఇంత పెరిగినచో, జనము ఊళ్లు విడువ నారంభించినచో, అధికారి ఏమి చేయవలెనో అందు ముందే వ్రాయబడినది. ఆ నిబంధనలు పిసినారి నిబంధనలే; కరకు పనితో ఆకలిని పరీక్షించు దోషము వానిలో కలదు. అయినను దొరవారి దయకు బదులు ఒక వ్రాత ఏర్పడుట గొప్ప మార్పు.

ఆ వ్రాతకు లోపము ఎచటనో 1943లో బయటపడెను. వంగదేశమున జనము వీథులలో చచ్చుచున్నను ప్రభుత్వము కరువు నిబంధనలను ప్రకటింపలేదు. ప్రకటించినచో వాని ప్రకారము ఇయ్యవలసి వచ్చును. 30 లక్షల వరకు జనము నశించిరని చరిత్రకారుల అంచనా. కరువు వచ్చినదని చెప్పు అధికారము, చెప్పినచో డబ్బు చెల్లింపవలసినవాని చేతనే ఉండుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియును. 2011లో సోమాలియాలో కరువు ప్రకటింపబడినది జూలై 20వ తేదీన. హెచ్చరికలు 2010 నుండియే వెలువడుచుండెను. ఆ కరువున సుమారు 2 లక్షల 60 వేల మంది మరణించిరి. వారిలో సగము మంది ప్రకటనకు మునుపే పోయిరని పిదప తేలినది. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట మనకు సామెత. దాత ప్రభుత్వములకు అది పరిపాటి.

మా ప్రాంతమున పూర్వము రాగులను పాతరలలో దాచెడివారు. పంట పండిన యేట గోయి త్రవ్వి, గడ్డి పరచి, రాగులు పోసి, మన్ను కప్పెడివారు. ఆ పాతరను పెండ్లి ఖర్చునకు త్రవ్వినవానిని ఊరు హర్షించెడిది కాదు. ప్రపంచమునకు కూడ అట్టి పాతర అవసరమని ఐక్యరాజ్యసమితి 2006లో కేంద్ర అత్యవసర నిధిని నెలకొల్పినది. అంతకు ముందు 2003లో స్టాక్‌హోమ్ నగరమున దాత ప్రభుత్వములు కూడి, సాయము అవసరమును బట్టి ఈయవలెననియు, ముందుగ తెలియునట్లును, చేతులు కట్టివేయకుండునట్లును ఈయవలెననియు సూత్రములు వ్రాసికొనెను. సూత్రములు మంచివి. పాతరకు తాళము మాత్రము లేదు.

తాళము లేని పాతర కథ కూడ మనకు క్రొత్త కాదు. 1878లో లిట్టన్ ప్రభుత్వము కరువు బీమా అను పేర యేటేట కోటిన్నర రూపాయలు వేరుచేయుదుమని చెప్పి ప్రజలపై పన్నులు వేసెను. అదే యేట ఆఫ్ఘన్ యుద్ధము వచ్చెను. కరువునకని కూర్చిన ధనము ఆ వాగ్దానము ప్రకారము నిలువలేదు. 147 ఏండ్లకు, 2025 ఫిబ్రవరిలో, అదే లండను నగరమున బ్రిటిషు ప్రభుత్వము సైన్యపు ఖర్చు పెంచుటకై విదేశ సాయమును జాతీయాదాయములో నూటికి అర వంతునుండి 2027 నాటికి 0.3కు తగ్గింతుమని ప్రకటించెను. నూటికి 0.7 వంతు ఈయవలెనని 2015లో తాను చేసికొన్న చట్టము ఉండగనే ఇది జరిగినది. అదే 2025 జనవరిలో అమెరికా తన విదేశ సాయమును హఠాత్తుగ ఆపెను. జూలై 1 నాటికి 'యు.ఎస్.ఎయిడ్' అను సంస్థ సాయము నడపుట మానెను. తమ సొమ్ము తాము ఇయ్యక మానుకొను హక్కు ఏ ప్రజకైనను కలదు. కాని మందులు తినుచున్న రోగికి నడుమ పూటలో మందు ఆపుట వేరు. ఎప్పుడు ఆపుదుమో ముందుగ చెప్పి, వేరొక చేతికి పని అప్పగించి తొలగుట కూడ దాత ధర్మములోనిదే.

పుచ్చుకొనువాని మానమును గూర్చి నాలుగవ మాట చెప్పవలసియున్నది. 1952లో రాయలసీమ కరువునాడు గంజి కేంద్రములు తెరచిరి. చిన్నపిల్లయైన మా అమ్మ తమ్ముని చంక వేసుకొని ఒకచోట ఆ వరుసలో నిలిచినదట. గంజి పలుచనో చిక్కనో ఆమెకు జ్ఞాపకము లేదు. పోయువాడు చెంబును చూచి పోసెను గాని మొగమును చూడలేదని మాత్రము ఎనుబదియేండ్ల వయస్సున కూడ చెప్పెడిది. అరువదులలో మన బడిపిల్లలు తిన్న గోధుమ నూక, త్రాగిన పాలపొడి అమెరికా నుండి వచ్చినవి. అవి ప్రాణములు నిలిపినవి; ఆ మేలు మరువరాదు. అయితే 1965 నుండి అధ్యక్షుడు జాన్సన్ మన విధానములు తనకు నచ్చుటను బట్టి గోధుమ ఓడలను నెలనెలకు లెక్కించి విడుచుచుండెను. దేశము గంజి వరుసలో నిలిచినట్లయ్యెను. నేటికిని అమెరికా చట్టము ప్రకారము ఆ దేశపు ఆహార సాయములో సగము ఆ దేశపు ఓడలలోనే పోవలెను; ఓడ కిరాయి పెరిగిన కొలది గింజ తగ్గును. అంగడిలో ధాన్యముండి జనుల చేత కాసు లేనిచోట డబ్బే ఈయవలెను. అంగడియే లేనిచోట ధాన్యము పంపవలెను. ఏది కావలెనో దాత ఓడల యజమాని నిర్ణయించుట ధర్మము కాదు.

మనము క్రొత్తగా దాతలమైనాము. ఇతరులు చేసిన తప్పులు చేయక మానుటకు మనకున్నంత అనుభవము ఏ దాతకును లేదు. ధాత కరువు మన ఇంటి చరిత్ర. అయినను మన పత్రికలలో ఎన్ని టన్నులు పోయినవో, ఏ విమానము ఎగిరినదో, సంచిపై ఏ జెండా అచ్చు వేసిరో కనబడును. సంచి విప్పిన యిల్లాలి మాట కనబడుట అరుదు.

విద్యావంతులైన గృహిణులకును గృహస్థులకును ఇందులో పని కలదు. ఎన్నికలలో వోటు అడుగవచ్చిన శాసనసభ్యుని వీథి దీపమును గూర్చి అడుగుదుము, అడుగవలెను. లోకసభకు పోవువానిని మరి నాలుగు ప్రశ్నలు అడుగుదము. ఆపదల కొరకు ముందే వేరుచేసి, వేరు ఖర్చునకు త్రవ్వరాని పాతర మన ఖజానాలో విదేశ సాయమునకు ఉన్నదా? ఎప్పుడు ఈయవలెనో చెప్పు గుర్తులు వ్రాతలో ఉన్నవా, లేక మంత్రిగారి మనస్సులో ఉన్నవా? ఆ ఊరి సంఘముల చేతికి ఎంత పోవుచున్నది? పుచ్చుకొన్నవారి ఎదుట లెక్క చదివిరా?

ఈ ప్రశ్నలు పెద్ద చదువులు చదివినవారికే అని ఎవరును వెనుదీయ నక్కరలేదు. సంక్రాంతికి గాదె నింపునప్పుడు ఒక కుంచము విడిగ పెట్టి, "ఇది ముట్టకండి" అని పిల్లలకు చెప్పు ప్రతి యిల్లాలికిని మొదటి ప్రశ్న తెలుసును. ఆకలిగొన్నవాడు గుమ్మమున నిలిచిన పిదప వడ్లు దంపనారంభింపరాదని తెలిసినవారికి రెండవది తెలుసును. వడ్డించునప్పుడు మొగము చూచి, చాలునా యని అడుగువారికి తక్కిన రెండును తెలుసును. ఇంటిలో మనము ఎరిగిన ఈ మర్యాదను మన పేర ఇచ్చు ప్రభుత్వముచేత కూడ పాటింపజేయుట పౌరధర్మము.